జ్విఫ్ట్ ఎక్కేముందు బరంపురంలో చూసుకోవాల్సినవి

జ్విఫ్ట్ అంటే ఇంట్లోనే సైకిల్ తొక్కుతూ తెర మీది రోడ్లలో తిరిగే, రేసులాడే యాప్. సైకిల్‌ని కదలకుండా బిగించి, మన తొక్కుడు లెక్కని యాప్‌కి పంపే పరికరం ట్రైనర్. ముందు ఫ్యాను. గోపాల్‌పూర్ వైపు ఉక్కపోత తెలిసిందేగా. కదలని సైకిల్‌కి ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, హ్యాండిల్ మీద తువ్వాలు కప్పండి. ఉప్పు చెమటకి బోల్టులు తుప్పు పడతాయి (నావి పట్టాయి).

ఫోన్‌లో ట్రైనర్ యాప్ తెరిచి ఉంటే మూసేయండి. చాలా ట్రైనర్లు బ్లూటూత్‌లో ఒకసారికి ఒక్క యాప్‌కే దొరుకుతాయి. లేదంటే ల్యాప్‌టాప్‌లో జ్విఫ్ట్ ఎంత వెతికినా దానికి ట్రైనర్ కనబడదు, ఊరికే టెన్షన్.

జ్విఫ్ట్‌లో మీ బరువు నిజమే రాయండి. కొండ ఎక్కేటప్పుడు వేగం, కిలో బరువుకి ఎన్ని వాట్ల బలంతో తొక్కుతున్నారన్న లెక్క మీదే నడుస్తుంది. 5 కిలోలు తగ్గించి రాస్తే కొండ సులువే, రేసులో పక్కవాడికే అన్యాయం.

కరెంటు పోతే మధ్యలో ఆగకుండా రౌటర్, ట్రైనర్ రెండూ ఇన్వర్టర్ ప్లగ్గులోనే పెట్టండి.

తిరిగే చక్రం దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి.