బైక్ వెనక బాడీ విరగ్గొట్టకుండా విప్పి, మళ్లీ బిగించడం ఎలా?

డేంజర్ లైటు (టెయిల్ లైటు) మార్చాలన్నా, పగిలిన ప్యానెల్ తీయాలన్నా, సీటు కింద పేరుకున్న మట్టి కడగాలన్నా బండి వెనక బాడీ ఊడదీయాల్సిందే. చేయి తిరిగిన మెకానిక్‌కి ఇది టీ చల్లారేలోపు అయిపోయే పని. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు ఒక పూట కేటాయించుకోవాలి.

విజయవాడలో చాలామందికి ఈ అవసరం 2024 సెప్టెంబరులో వచ్చింది. బుడమేరు పొంగి, సింగ్ నగర్ వైపు బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇంజిన్ ఆయిల్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ మార్చి బండి స్టార్ట్ చేసుకున్నవాళ్లు కూడా వెనక ప్యానెళ్ల లోపల చిక్కుకున్న బురద సంగతి పట్టించుకోలేదు. ఆ బురద తేమ పట్టి ఉంచుతుంది. కింద ఛాసిస్ తుప్పు పడుతుంది, వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ కప్లర్లలో చిలుం పడుతుంది. వరద చూసిన బండి మీదైతే, ఇంకా వెనక బాడీ విప్పి చూడకపోతే, ఇప్పటికైనా చూడండి.

ఇక్కడ చెప్పేది 100 నుంచి 160 సీసీ మామూలు బైకులకు. స్కూటర్ల వ్యవహారం వేరు. మోడల్‌ని బట్టి స్క్రూల చోట్లు మారతాయి, పద్ధతి మారదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: పెద్ద స్టార్ స్క్రూడ్రైవర్, చిన్నది ఒకటి, 8, 10, 12 నంబర్ల రింగ్ స్పానర్లు, ఎల్-కీల సెట్టు, పాత బనియన్ గుడ్డ, కాస్త సబ్బు నీళ్లు. వీటితోపాటు మందపాటి పాత శుభలేఖ ఒకటి. దాని మీద బండి వెనక భాగం బొమ్మ వంకరటింకరగా అయినా గీసి, తీసిన స్క్రూని తీసిన చోటే గుచ్చండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవులు వేరు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి తిప్పితే అవతల వైరు ఉండొచ్చు, ప్యానెల్ పైభాగమైనా ఉబ్బి పగలొచ్చు.

విప్పడం

బండిని నీడలో సెంటర్ స్టాండ్ వేసి, తాళం ఆఫ్ చేయండి. సీటు తీయండి. కొన్నిటికి తాళం తిప్పితే వస్తుంది, కొన్నిటికి పక్క ప్యానెళ్ల వెనక రెండు బోల్టులు ఉంటాయి. సీటు వచ్చాక లోపల ఉన్నది ఉన్నట్టు నాలుగైదు ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా వైర్లు ఏ దారిన పోతున్నాయో కనిపించాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకు ఉంచండి. పాజిటివ్ ముందు విప్పితే, స్పానర్ పొరపాటున ఛాసిస్‌కి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి.

ఇప్పుడు పక్క ప్యానెళ్లు. చాలా బళ్లలో ఒక్కోదానికి ఒక్కటే స్క్రూ కనిపిస్తుంది. మిగతాది లోపలి ప్లాస్టిక్ పెగ్గులు రబ్బరు బుష్‌లలో దిగి పట్టుకుని ఉంటాయి. స్క్రూ తీశాక ఒక మూల పట్టుకుని లాగేస్తారు చాలామంది. పెగ్గు విరిగేది అక్కడే. బుష్ ఎక్కడుందో చేత్తో తడిమి, సరిగ్గా దాని పక్కనే పట్టుకుని తిన్నగా బయటికి లాగండి. రాకపోతే సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేసి కొంచెం ఆగండి. మన ఎండలకు ఏళ్ల తరబడి బయట నిలబడిన బండి రబ్బరు రాయిలా అయిపోయి ఉంటుంది. అలాంటి బుష్‌లు ఎలాగూ మార్చాల్సినవే.

తర్వాత గ్రాబ్ రైల్, అంటే వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ. దీని బోల్టులు గట్టిగా ఉంటాయి కాబట్టి ఓపెన్ స్పానర్ కాకుండా రింగ్ స్పానరే పెట్టండి. బోల్టు బయటికి వస్తున్నప్పుడు దాంతోపాటు చిన్న ఇనుప గొట్టం లాంటి కాలర్ జారి పడుతుందేమో చూసుకోండి. అది పనికిరాని ముక్క కాదు. బోల్టు బిగింపు బరువంతా ప్లాస్టిక్ మీద పడకుండా ఆ కాలరే మోస్తుంది. అది లేకుండా బిగించిన ప్యానెల్ బోల్టు చుట్టూ చీలిపోతుంది.

ఇక అసలు వెనక ప్యానెళ్లు. పైనుంచి కనిపించే స్క్రూలన్నీ తీశాక కూడా కదలకపోతే బలం వాడకండి. ఎక్కడో ఇంకో స్క్రూ మిగిలి ఉంది. మడ్‌గార్డ్ కింద పడుకుని పైకి చూడండి, డేంజర్ లైటు కింద చూడండి, బురద గట్టిపడి పూడుకుపోయిన గుంటల్లో చూడండి. నేను చూసిన విరిగిన ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఇలా దాక్కున్న ఒక్క స్క్రూ వల్ల విరిగినవే. స్క్రూలన్నీ అయ్యాక కుడి, ఎడమ ముక్కలు మధ్యలో ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. కాస్త ముందుకో వెనక్కో జరిపితే అలా దూరిన నాలుక లాంటి అంచు జారి వస్తుంది. వచ్చింది కదా అని ఒక్కసారిగా లాగేయకండి, వెనక వైర్లు ఉంటాయి. సీటు లాక్ కేబుల్ కూడా కొన్ని మోడళ్లలో ఆ ప్యానెల్‌కే ఉంటుంది.

కప్లర్లు విప్పేటప్పుడు పక్కనున్న చిన్న లాక్ నొక్కి, ప్లాస్టిక్ బాడీ పట్టుకుని లాగాలి. వైరు పట్టుకుని లాగితే లోపలి పిన్ను ఊడి వస్తుంది. గుర్తులు పెట్టుకోకుండా విప్పేసి తికమకపడితే రంగులు ఆదుకుంటాయి. హోండా, పాత హీరో హోండా బళ్లలో ఆకుపచ్చ వైరు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైటు, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్ లైటు, నారింజ ఎడమ ఇండికేటర్, లేత నీలం కుడి ఇండికేటర్. వేరే కంపెనీ బండికి ఈ లెక్క పనికిరాదు, మీ ఫొటోలే చూసుకోండి.

మడ్‌గార్డ్ కూడా తీయాల్సి వస్తే నంబర్ ప్లేటు జోలికి పోకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటుకు ఒక్కసారే పనికొచ్చే లాకులు ఉంటాయి. తీస్తే విరుగుతాయి, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. ప్లేటు మడ్‌గార్డ్‌కే ఉంటే దాంతోపాటే కిందికి దించండి.

విప్పిన చోట చూడాల్సినవి

బురదను మెత్తటి బ్రష్‌తో, బకెట్ నీళ్లతో కడగండి. ప్రెషర్ వాటర్ కప్లర్ల మీద కొట్టొద్దు. పిన్నుల మీద పచ్చగా చిలుం కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ వేసి తుడవండి. ఎండకు జిగురు కరిగి జారిపోయిన టేపు ఒలిచేసి కొత్తది చుట్టండి. ఛాసిస్ మీద తుప్పును ఉప్పు కాగితంతో రుద్ది, మెటల్ ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరనివ్వండి.

ముక్క విరిగి ఉంటే ఆటోనగర్‌కి పాత ముక్క చేతపట్టుకునే వెళ్లండి. నోటితో చెబితే సరిపోదు. ఒకే పేరుతో ఉన్న బండికి ఏడాది మారితే ప్యానెల్ కూడా మారి ఉంటుంది.

బిగించడం

విప్పిన వరసను తిరగేయడమే. కానీ ఏ స్క్రూనీ మొదట్లోనే పూర్తిగా బిగించకండి. అన్నీ చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి వదిలి, ప్యానెళ్ల అంచులు సరిగ్గా కలిశాయని చూశాక, చివర్లో ఒక్కొక్కటీ బిగించండి. ఒకదాన్ని ముందే బిగిస్తే చివరి రంధ్రం ఎప్పుడూ కలవదు.

ప్లాస్టిక్‌లోకి నేరుగా దిగే స్క్రూలకు ఒక కిటుకు ఉంది. ముందు ఎడమ వైపుకి, అంటే విప్పే వైపుకి మెల్లగా తిప్పండి. ఒకచోట టక్కుమని కొంచెం కిందికి పడినట్టు చేతికి తెలుస్తుంది. పాత మర అక్కడే ఉంది. అక్కడినుంచి కుడికి తిప్పితే నూనె రాసినట్టు దిగుతుంది. నేరుగా నొక్కి తిప్పితే కొత్త మర కోసుకుపోయి, రెండుసార్లకే రంధ్రం వదులైపోతుంది. ప్లాస్టిక్ మీద స్క్రూ ఆనగానే మణికట్టుతో చిన్న తిప్పు, అంతే.

వైర్లు పాత దారినే పోనివ్వండి. సీటు కింద నలగకూడదు, టైరు పైకి వేలాడకూడదు. పాత రకం 21/5 వాట్ల బల్బు అయితే దాని పక్కల పొడుచుకొచ్చిన రెండు చిన్న గుళ్లు ఒకే ఎత్తులో ఉండవు. తేలిగ్గా దిగకపోతే తిప్పి పెట్టండి, బలవంతంగా దూర్చకండి.

బ్యాటరీకి ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్. సీటు మూసే ముందు లాక్ లోకి స్క్రూడ్రైవర్ కాడ నొక్కి, తాళంతో విడుదలవుతుందో లేదో చూడండి. కేబుల్ తగిలించడం మర్చిపోయి సీటు మూసేస్తే తెరవడం పెద్ద తలనొప్పి.

టెయిల్ లైటు, నాలుగు ఇండికేటర్లు వెలిగించి చూడండి. బ్రేక్ లైటు ముందు బ్రేకుతో ఒకసారి, వెనక బ్రేకుతో ఒకసారి. ఇంట్లో ఒకరిని వెనక కూర్చోబెట్టి, బండి కిందికి దిగినప్పుడు మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య ఖాళీ ఉందో లేదో చూడండి. గ్రాబ్ రైల్, చీర గార్డ్ బరువు దండగ అని కొందరు కుర్రాళ్లు తిరిగి బిగించరు. వెనక కూర్చున్నవాళ్లకు పట్టు, చీర చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే రక్షణ, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. కాబట్టి అవి కూడా బిగించి, ఒక వారం తిరిగాక గ్రాబ్ రైల్ బోల్టులకు ఇంకోసారి స్పానర్ పెట్టి చూడండి.