కరివేపాకు పసుపెక్కుతోందా? ముందు ఏ ఆకో చూడండి

అక్టోబరు మధ్యలో రాత్రులు గడ్డకట్టే లోపు కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చుకుంటాం. దీపావళికి నిగనిగలాడుతూనే ఉంటుంది. క్రిస్మస్ సెలవులకి ఆకులు పసుపెక్కుతాయి. సంక్రాంతికి పులిహోర పోపులోకి రెండు రెబ్బలు తుంచుదామంటే చేతికి ఉత్త కాడలు తగులుతాయి. చికాగో పక్కన ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా ఇదే వరస, మా ఇంట్లో కూడా. ఇప్పటికి రెండు మొక్కల్ని చంపి మూడోదాన్ని నిలబెట్టుకున్నాను.

ఆకు పసుపెక్కగానే అందరికీ తోచేది ఎరువు వేయడం. చలికాలంలో చేసే పెద్ద తప్పు అదే. ఎదుగుదల ఆగి పడుకున్న మొక్క ఎరువు తినదు, అది మట్టిలో ఉప్పుగా పేరుకుని వేళ్లని కాలుస్తుంది. కారణం తేలేదాకా ఎరువు డబ్బా మూత తీయకండి.

ముందు కుండీని కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టి చూడండి. ఊదారంగు గ్రోలైట్ (ఎండ చాలని మొక్కకి పెట్టే ఎల్ఈడీ దీపం) కింద ఏ ఆకైనా జబ్బుగానే కనిపిస్తుంది. తర్వాత చూడాల్సినవి మూడు: పసుపెక్కింది కింది ముదురాకులా, పైన చిగుళ్లా? ఆకంతా పసుపా, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పాలిపోయిందా? కుండీ ఎత్తితే బరువుగా ఉందా, తేలిగ్గా ఉందా?

మొదటి ప్రశ్న ఎందుకంటే, నత్రజని, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కరువొస్తే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది, ఇంట్లో పెద్దవాళ్లు తాము మానేసి పిల్లలకి పెట్టినట్టు. ఇనుము అలా కదలదు. దానికి లోటు వస్తే ముందు పాలిపోయేది చిగురే.

కింది ఆకులు పసుపై రాలుతున్నాయి, కుండీ బరువుగా ఉంది

పదింట ఎనిమిది కుండీల కథ ఇదేనని నా అనుభవం. ఎండాకాలంలో డెక్ మీద రోజూ నీళ్లు పోసిన చెయ్యి ఊరుకోదు, లోపలికి తెచ్చాక కూడా రెండు రోజులకోసారి పోస్తూనే ఉంటుంది. చల్లటి కిటికీ పక్కన ఉన్న మొక్క ఆ నీళ్లు తాగలేదు. మట్టిలో గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. వేళ్లు పోతే నీళ్లు పైకి ఎక్కవు, ఆకులు వాడిపోతాయి. దాహమేసిందనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం.

అనుమానంగా ఉంటే మొక్కని కుండీలోంచి లాగి చూడండి, భయం లేదు. బాగున్న వేళ్లు లేతరంగులో గట్టిగా ఉంటాయి. నా రెండో మొక్క వేళ్లు ముదురు గోధుమరంగులోకి తిరిగి, చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం పోగు మిగిలింది. వాసన మూసుకుపోయిన సింకు వాసన.

అలా ఉంటే కుళ్లినవి కత్తిరించి, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు) కలిపిన పొడి మట్టిలో, మిగిలిన వేళ్లకి సరిపడా చిన్న కుండీలోకి మార్చండి. పెద్ద కుండీ మంచిదనుకోవద్దు, అందులో తడి ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. వేళ్లు బాగానే ఉంటే నీళ్లు ఆపితే చాలు. చూపుడువేలు మట్టిలో రెండు కణుపుల దాకా గుచ్చి పొడిగా తగిలితేనే మళ్లీ పోయండి. మా ఇంట్లో జనవరిలో అది 12 రోజులకోసారి. కింది సాసర్లో నిలిచిన నీళ్లు పారబోయండి. కుండీని గచ్చు మీంచి ఎత్తి చిన్న స్టూలు మీద పెట్టండి, వేళ్లకి వెచ్చదనం కావాలి. గది 60 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లబడితే ఈ మొక్క ఎదగడం మానేస్తుంది, కొన్ని ఆకులు రాల్చేస్తుంది కూడా. కాండం మీద గోటితో చిన్నగా గీకితే లోపల ఆకుపచ్చగా కనిపించిందా, మొక్క బతికే ఉంది.

మట్టి మామూలుగానే ఉండి, అట్టడుగున నాలుగు రెబ్బలు మాత్రం మొత్తంగా పసుపెక్కితే అది పండుటాకు, వదిలేయండి. కొమ్మ మొత్తం లేతగా పాలిపోయి, మొక్క రెండేళ్లుగా అదే మట్టిలో ఉంటే నత్రజని లోటు. మందు మార్చిలో, కొత్త చిగురు కదిలాక.

చిగురు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

వల గీసినట్టు సన్నటి పచ్చటి ఈనెలు, మధ్యలో నిమ్మపండు రంగు. లోటు ముదిరితే చిగురు దాదాపు తెల్లగా వస్తుంది. ఇది ఇనుప ధాతు లోపం. అయితే మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నది అందక. సున్నం ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే మట్టి పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) 7 దాటి క్షారం వైపు పోతుంది, ఆ మట్టిలో ఇనుము వేళ్లకి దొరకదు. ఈ మొక్కకి 6 నుంచి 6.5 మధ్య హాయి. కుండీ అడుగు నుంచి కారిన నీళ్లని అక్వేరియం షాపులో దొరికే పీహెచ్ పట్టీతో చూస్తే ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

ఇక్కడే ఊరి నుంచి అమ్మ ఫోను: "పుల్లమజ్జిగ పొయ్యవే, వారంలో చిగురేస్తుంది." పెరట్లో చెట్టుకి అమ్మ మాట తప్పు కాదు. పులుపు కొంచెం పని చేస్తుంది, సూక్ష్మజీవులు మిగతాది చూసుకుంటాయి, వాసన గాలికి పోతుంది. మూసిన కిటికీల మధ్య 10 అంగుళాల కుండీలో అదే మజ్జిగ పోస్తే మూడో రోజుకి హాలంతా పులిసిన కంపు, పదో రోజుకి మట్టిలోంచి చిన్న నల్ల దోమల్లాంటి ఈగలు. పోసి చూశాను కాబట్టే చెబుతున్నా. మజ్జిగ మే నెల దాకా ఫ్రిజ్‌లో ఉండనివ్వండి.

ఇంట్లో చేయదగ్గది ఐరన్ చిలేట్, అంటే వేళ్లకి అందేలా ఇంకో పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము. ఆ పట్టి ఉంచే పదార్థం పేరు డబ్బా మీద ఈడీడీహెచ్ఏ (EDDHA) అని ఉన్నది కొనండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే సరిగా పనిచేయదు. నీళ్లలో కలిపితే తాంబూలం నమిలినంత ఎర్రగా వస్తుంది, గచ్చు మీద పడితే మరక పోదు, జాగ్రత్త. మోతాదు డబ్బా మీద ఉన్నంతే. పసుపెక్కిన పాత ఆకు పూర్తిగా తేరుకోకపోవచ్చు, తర్వాత వచ్చే చిగురు రంగు చూసి గుణం తెలుసుకోవాలి. ఇంకో మాట: తడిసి చల్లబడ్డ వేళ్లు కూడా ఇనుము తీసుకోలేవు. కుండీ బరువుగా ఉంటే ముందు పైన చెప్పిన పని చేయండి, చాలాసార్లు చిలేట్ అక్కర్లేకుండానే సర్దుకుంటుంది.

ఇదే వల ముదురాకుల్లో కనిపిస్తే మెగ్నీషియం లోటు. గాలన్ నీళ్లకి ఒక టీస్పూను ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్), నెలకోసారి.

ఆకు కొనలు గోధుమరంగులో ఎండుతున్నాయి

ఉప్పు పేరుకుంది. మట్టి మీదా కుండీ అంచునా తెల్లటి పొర కూడా కనిపిస్తుంది. మా ఇంట్లో దొంగ వాటర్ సాఫ్ట్‌నర్. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసుకుని బదులు సోడియం వదులుతుంది. గిన్నెలు తళతళలాడతాయి గానీ మొక్కకి రోజూ ఉప్పునీళ్లే. ఆర్వో నీళ్లు పోయండి, లేదా బకెట్టుతో పెరట్లో మంచు తెచ్చి కరగబెట్టి, గది వేడికి వచ్చాక వాడండి. డ్రైవ్‌వే పక్క మంచు వద్దు, అందులో రోడ్డు మీద చల్లిన ఉప్పు ఉంటుంది. పేరుకున్నది పోవాలంటే కుండీని బాత్‌టబ్‌లో పెట్టి, కుండీకి రెండింతల నీళ్లు నెమ్మదిగా పోసి పూర్తిగా కారనివ్వండి.

కిటికీ అద్దానికి ఆనుకున్న ఆకు మాత్రమే నల్లబడితే అది చలి దెబ్బ. కుండీని జానెడు వెనక్కి జరపండి.

సూదితో గుచ్చినట్టు చుక్కలు, లేదా నల్లటి మసి

హీటర్ వేసిన ఇంటి పొడిగాలి ఎర్రనల్లికి పండగ. తెల్లకాగితం పట్టుకుని కొమ్మ తట్టండి, పడిన దుమ్ములో చుక్కలు నడిస్తే అదే. ఆకు అడుగున తగిలేలా షవర్ కింద కడగండి, నాలుగు రోజులకోసారి, మూడు వారాలు. ఆకులు జిగటగా ఉండి మసి పట్టిందంటే కాడల మీద పొలుసు పురుగు ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, సబ్బు నీళ్లతో తుడవండి. ఇంటిమొక్కలకని అమ్మే ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు గుళికలు మాత్రం ముట్టుకోవద్దు. ఆ మందు వేళ్ల నుంచి ఆకులోకి ఎక్కుతుంది, ఆ ఆకే మన చారులోకి వస్తుంది.

మొక్క పోతే ఫ్లోరిడా చుట్టాలింటి నుంచి పిలక తెచ్చుకుందామనుకోకండి. కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటల్ని ఎండగట్టే సిట్రస్ గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ పురుగుకి దీని చిగురంటే ప్రాణం. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో 2012లో బయటపడింది. క్వారంటీన్ ప్రాంతాల నుంచి మొక్కలు తరలించడం మీద ఆంక్షలు ఉన్నాయి. ఇండియా నుంచి సూట్‌కేసులో తాజా రెబ్బలు తేవడమూ కుదరదు.

పై ఆకులు తెల్లగా వెలిసిపోయాయి

ఎల్ఈడీ దీపం మరీ దగ్గరగా ఉంది, అడుగు దూరం పెంచండి. మేలో బయట పెట్టిన మర్నాడే ఇలా అయితే ఎండ దెబ్బ. ఏడు నెలలు నీడన ఉన్న ఆకు ఒక్క మధ్యాహ్నం ఎండకే మాడుతుంది. రాత్రులు 50 డిగ్రీల పైన నిలకడగా ఉన్నాక, మొదట రెండు రోజులు పూర్తి నీడలో, తర్వాత గంట పొద్దుటి ఎండలో, అలా పెంచుతూ పది రోజుల్లో డెక్ మీదికి చేర్చండి. మాడిన ఆకులు తుంచేయకండి, పక్కన కొత్త రెబ్బ విచ్చుకునేదాకా మొక్కకి అవే ఆధారం.