రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఎం.డి.ఎ. అనే ఆ ఒక్క లైను

పోయిన పాఠంలో ఫ్రీ రాడికల్స్ గురించి, అంటే ఒంట్లో పుట్టి పక్కనున్న వాటిని దెబ్బతీసే చురుకైన అణువుల గురించి, చెప్పుకున్నాం. ముసలితనానికి అవే మూలమని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఈసారి ఒకే లైను చదువుదాం.

మలక్‌పేటలో మా పక్కింటి అమ్మాయి వాళ్ల నాన్నగారి రిపోర్టు పట్టుకొచ్చింది. ఆయనకి 72 ఏళ్లు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు. మాలోన్‌డయాల్డిహైడ్, అంటే ఎం.డి.ఎ., పక్కన పైకి బాణం గుర్తు. "అంకుల్, నాన్నకి డిమెన్షియానేనా, ఆ మతిమరుపు జబ్బేనా?" అంది. గొంతులో వణుకు.

మూత పెట్టకుండా వదిలేసిన నూనె కొన్నాళ్లకి వాసన మారుతుంది కదా. మన కణాల పొరల్లోని కొవ్వూ ఆక్సిజన్ దెబ్బకి అలాగే పాడవుతుంది, అప్పుడు పుట్టే ముక్కే ఎం.డి.ఎ. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, వాడే ఆక్సిజన్ మాత్రం 20 శాతం. పైగా కొవ్వు ఎక్కువ. అందుకే మెదడు పరిశోధకులకి దీని మీద అంత ఆసక్తి.

కానీ రక్తం మెదడు ఒక్కదానిదే కాదు. షుగర్, సిగరెట్, కిడ్నీ జబ్బు, వీటిలో ఏదున్నా ఈ అంకె పెరగొచ్చు. ఆ పెద్దాయనకి ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. కాబట్టి అంకె చూసే ముందు మనిషిని చూడాలి.

తర్వాత శాంపిల్. చాలా ల్యాబుల్లో సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవంలో, థయోబార్బిట్యూరిక్ ఆసిడ్ కలిపి వేడి చేస్తారు. గులాబీ రంగు వస్తుంది, దాన్ని 532 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఆ ఆసిడ్ ఎం.డి.ఎ.తోనే కాదు, వేరే పదార్థాలతోనూ రంగునిస్తుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే సీరం లేత పసుపు రంగులో ఉండాల్సింది ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు కూడా లెక్కలో కలిసిపోతుంది. మే నెల ఎండలో శాంపిల్ బైకు మీద ఊరంతా తిరిగినా, కొవ్వు ట్యూబులోనే ఆక్సీకరణం చెందుతుంది. అందుకే రిపోర్టులో 'హిమోలైజ్డ్' (ఎర్రకణాలు పగిలాయి) అన్న మాట ఉందేమో ముందు వెతకండి. ఉంటే ఆ అంకెని నమ్మొద్దు.

ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి, పద్ధతులు వేరు.

ఆ అమ్మాయి విటమిన్ ఇ మాత్రలు కొనేస్తానంది. వద్దన్నాను. విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం డిమెన్షియాని ఆపుతాయా అని అమెరికాలో వేల మంది మగవాళ్ల మీద చూశారు. ఆపలేదని 2017లో తేలింది. దానికన్నా బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి న్యూరాలజిస్టుకి చూపించమన్నాను. ఆ రెండిటి లోపం వల్ల వచ్చే మతిమరుపుకి మందుంది, ఆలస్యం చేస్తేనే నష్టం.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న ఏదైనా పాత రక్త పరీక్ష రిపోర్టు తీయండి. శాంపిల్ తీసిన టైము, ల్యాబుకి చేరిన టైము, పరీక్ష పద్ధతి, ఈ మూడింటి కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఏది కనిపించకపోయినా ల్యాబుకి ఫోన్ చేసి అడగండి. కొవ్వు పాడైనప్పుడు పుట్టే ఇంకో రకం ముక్కలు, ఐసోప్రోస్టేన్స్, వాటి సంగతి 4వ పాఠంలో.