మామిడి పూతకు ముందే చెట్టు కింద మట్టి కదపండి

వరి పిలకను ఉల్లికాడలా గొట్టంగా మార్చే ఉల్లికోడు ఈగ గురించి వరి రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఈగకు చుట్టం ఒకటి మామిడి పూతను పట్టుకుని బతుకుతుంది. దోమకన్నా చిన్నది, ఒకటి రెండు మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. అందుకే పూత మాడితే మంచు వల్లనో, పూత రసం పీల్చే తేనెమంచు పురుగు వల్లనో అనుకుంటాం. మా బంగినపల్లి చెట్లకు రెండేళ్లు అలాగే అనుకుని చాలా నష్టపోయాం.

ఒకరోజు మాడిన పూగుత్తిని కోసి దగ్గరగా చూశాను. కాడ ఒకచోట వంకర తిరిగి ఉంది. ఆ వంపు దగ్గర సూదిమొన పట్టేంత రంధ్రం. అలాంటిదే ఇంకో కాడను గోటితో చీలిస్తే లోపల లేత పసుపు పురుగు కదులుతోంది.

ఆ పురుగు ఎదిగాక నేలమీద పడి మట్టిలోకి దూరుతుంది. అక్కడ ప్యూపాగా, అంటే పురుగుకూ ఈగకూ నడిమి దశగా మారి, మళ్లీ ఈగై పైకొస్తుంది. గుడ్డు నుంచి ఈగ దాకా రెండు వారాలే. జనవరి నుంచి మార్చి లోపు మూడు నాలుగు తరాలు నడుస్తాయి. పూత కాలం అయిపోయాక మట్టిలో చేరినవి మళ్లీ జనవరి దాకా అక్కడే నిద్రపోతాయి.

కాబట్టి అసలు పని డిసెంబరులోనే ఉంది. మొగ్గ పగలకముందే కొమ్మల నీడ పడేంత మేర మట్టి తిరగెయ్యండి. ఎండ తగిలి కొన్ని చస్తాయి, పిట్టలూ చీమలూ కొన్నింటిని తింటాయి. పైపైన కదిపితే చాలు, లోతుగా దున్నితే పీచు వేళ్లు తెగుతాయి. అప్పుడే నీళ్లు మాత్రం పెట్టకండి, పూతకు బదులు చిగురు వచ్చేస్తుంది.

పూమొగ్గ పగిలే వేళకు చెట్టు కింద నల్ల పాలిథిన్ షీట్ పరిస్తే, రాలిన పురుగు మట్టిలోకి పోలేదు. నాలుగు రోజులకోసారి తోటంతా తిరిగి, వంకర పోయిన గుత్తులు కోసి సంచిలో వేసుకుని కాల్చెయ్యండి. కోసి కిందే పడేస్తే చేసిన పనంతా వృథా. మందు కొట్టక తప్పకపోతే ఒక గుత్తి తీసుకెళ్లి ఉద్యాన అధికారికి చూపించి, ఆయన చెప్పిన మోతాదులో మొగ్గ దశలోనే కొట్టండి. పూత విచ్చుకున్నాక దయచేసి వద్దు. మామిడి పిందె పట్టాలంటే ఈగలూ తేనెటీగలూ పూలమీద వాలాలి.

ఆకులమీద పులిపిరుల్లా బుడిపెలు లేపే ఈగ వేరు. అది బుడిపెలోనే ప్యూపాగా మారుతుంది కాబట్టి మట్టి పనికి లొంగదు. కోత అయ్యాక గుబురు కొమ్మలు తీసి గాలీ వెలుతురూ ఆడనివ్వండి, బుడిపెలున్న ఆకులు కాల్చండి. కొత్త అంటు మొక్కలు కొనేటప్పుడు ఆకు తిప్పి చూడండి. బుడిపె కనిపిస్తే ఆ మొక్క తోటలోకి తేవద్దు.