పసిబిడ్డకు జ్ఞానస్నానం: హాలు బుక్ చేయకముందే ఫాదర్ గారిని కలవండి

బిడ్డ పుట్టగానే ఇంట్లో భోజనాల లెక్క, హాలు, ఫొటోగ్రాఫర్ గురించి మాటలు మొదలవుతాయి, గుడి (చర్చి) సంగతి మాత్రం చివరి వారంలో గుర్తొస్తుంది, ఇక అప్పుడు టెన్షనే టెన్షన్. వరస తిప్పేయండి. ముందు మీ విచారణ (మీరుండే ప్రాంతపు చర్చి పరిధి) గురువుల దగ్గరికి, అంటే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి తేదీ ఖాయం చేసుకోండి, మిగతావన్నీ ఆ తేదీకి తగ్గట్టు సర్దుకోవచ్చు. కాన్పు కాకముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇంకా మంచిది. శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం చెప్పేది కూడా అదే, పుట్టిన మొదటి వారాల్లోనే బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించే బాధ్యత తల్లిదండ్రులది. మొదటి పుట్టినరోజుతో కలిపి ఒకటే ఫంక్షన్‌గా చేద్దామని ఏడాది పాటు ఆపేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, దయచేసి ఆపకండి, విందు కావాలంటే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

మామూలుగా తల్లిదండ్రులు ఉంటున్న విచారణ గుడిలోనే ఇస్తారు. కానీ మనలో చాలామందికి ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, సొంతూరు గుంటూరు వైపో నెల్లూరు వైపో, కాన్పేమో పుట్టింట్లో. ఊళ్లోనే చేయించాలనుకుంటే మీరిప్పుడు ఉంటున్న విచారణ ఫాదర్ గారి దగ్గర అనుమతి ఉత్తరం తీసుకుని అక్కడ ఇవ్వండి. గుణదల మాత గుడిలో చేయిస్తామని మొక్కుకున్నవాళ్లకూ ఇదే పద్ధతి. చిన్న ఊళ్లలో అయితే ఫాదర్ గారు ప్రతి ఆదివారం రాలేరు, ఆయన చూసుకోవలసిన ఊళ్లు చాలా ఉంటాయి, కాబట్టి పూజ ఎప్పుడెప్పుడు ఉందో ఉపదేశి గారిని (ఊళ్లో ప్రార్థనలు, బోధ చూసుకునే ఆయన్ని) అడిగి తెలుసుకోండి. తపస్కాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస రోజుల్లో) చాలా విచారణల్లో జ్ఞానస్నానాలు పెట్టరు, అది కూడా చూసుకోండి. ఇంట్లో, ఫంక్షన్ హాల్లో ఇవ్వమని మాత్రం అడగొద్దు, ప్రాణాపాయం లాంటి అవసరం ఉంటే తప్ప ఇళ్లల్లో ఇవ్వకూడదు.

కాగితాలు పెద్దగా ఏమీ ఉండవు. బిడ్డ జనన ధృవీకరణ పత్రం, మీ గుడి పెళ్లి సర్టిఫికెట్, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్ పేరెంట్స్) వివరాలు. కొన్నిచోట్ల తల్లిదండ్రుల జ్ఞానస్నాన సర్టిఫికెట్లు కూడా అడుగుతారు, మీ విచారణ ఆఫీసులో కనుక్కోండి. పునీతుల (సెయింట్ల) పేరే పెట్టాలన్న నియమం లేదు, క్రైస్తవ భావానికి విరుద్ధంగా లేని పేరైతే చాలు. కానీ మున్సిపాలిటీ కాగితంలో ఒక పేరు, గుడి రిజిస్టర్లో ఇంకో పేరు ఉంటే రేపు పెళ్లి వేళకి రెండూ ఒకరివేనని రుజువు చేసుకోవాల్సి వస్తుంది, అందుకని రెండు పేర్లున్నా రెండూ రాయించండి.

ఇక అసలు విషయం, జ్ఞాన తల్లిదండ్రులు. ఇక్కడే చుట్టాల్లో మాటపట్టింపులు వస్తాయి. మేనమామని కాదంటే అలుగుతాడని, డబ్బున్న బాబాయి అయితే గొలుసు పెడతాడని ఎంచుకుంటారు. అలా వద్దు. గుడి ముందు ఆ బిడ్డ విశ్వాసానికి పూచీ పడే మనుషులు వాళ్లు, మీకు ఏదైనా జరిగినా బిడ్డను పూజకు తీసుకెళ్లేది ఎవరు, జపాలు నేర్పేది ఎవరు అని ఆలోచించి అడగండి. నియమాలు కూడా ఉన్నాయి: పదహారేళ్లు నిండి ఉండాలి, కథోలికులై ఉండాలి, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) రెండూ తీసుకుని ఉండాలి, విశ్వాసానికి తగ్గ జీవితం గడుపుతూ ఉండాలి. కన్న తల్లీ తండ్రీ పనికిరారు. ఒక్కరున్నా చాలు, ఇద్దరైతే ఒక ఆడ, ఒక మగ, అంతకన్నా ఎక్కువ మందిని రాయరు. మేనమామ సీఎస్ఐ గానీ బాప్టిస్టు గానీ అయితే, కథోలిక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో ఒకరు ఉండగా ఆయన సాక్షిగా నిలబడవచ్చు, ఈ మాట ముందే నెమ్మదిగా చెబితే ఎవరూ బాధపడరు. జ్ఞాన తల్లిదండ్రులది వేరే విచారణ అయితే అక్కడి ఫాదర్ గారి ఉత్తరం తెచ్చుకోమనండి.

భర్త హిందువనో, గుడిలో పెళ్లి కాలేదనో, ఒంటరి తల్లిననో ఫాదర్ గారి దగ్గరికి వెళ్లడానికే భయపడే అమ్మలున్నారు. వెళ్లండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి సమ్మతి, బిడ్డ కథోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకమైన ఆశ, చట్టం అడిగేది ఈ రెండే. ఆ ఆశ ఎలా నిలబెడతారని ఫాదర్ గారు అడుగుతారు, నిజాయితీగా చెప్పండి. బిడ్డకు ఏడేళ్లు దాటితే మాత్రం లెక్క మారుతుంది, వాళ్లకు ముందు సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) చెప్పించాలి.

ఆ రోజు బిడ్డకు ముందువైపు గుండీలున్న చొక్కా వేయండి, ఎందుకంటే రొమ్ము మీద తైలం రాస్తారు, గౌను మెడ బిగుతుగా ఉంటే బిడ్డ ఏడుపందుకుంటుంది. పాలు పట్టి తీసుకెళ్లండి. ఒక తువాలు, తెల్లని వస్త్రం, ఒక కొవ్వొత్తి దగ్గర ఉంచుకోండి. గుమ్మం దగ్గరే బిడ్డకు ఏ పేరు పెట్టారని, శ్రీసభ నుంచి ఏం కోరుతున్నారని అడుగుతారు, గట్టిగా జవాబు చెప్పాలి. నొసటిపై సిలువ గుర్తు ఫాదర్ గారి తర్వాత మీరూ వేయాలి. సాతానును విసర్జిస్తున్నారా, విశ్వసిస్తున్నారా అన్న ప్రశ్నలకు పలికేది మీరూ జ్ఞాన తల్లిదండ్రులూ, కాబట్టి ముందురోజు ఒకసారి చదువుకోండి. తలపై మూడుసార్లు నీళ్లు, మాడుపై క్రిస్మా అనే పవిత్ర తైలం, తెల్లని వస్త్రం, పాస్కా వత్తి (ఈస్టర్ పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించిన కొవ్వొత్తి, ఇదీ వరస. నీళ్లు పోసే వేళ ఫొటోగ్రాఫర్ అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో ముందే చెప్పండి.

బిడ్డ ఐసీయూలో ఉంటే ఫాదర్ గారికి ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోపు ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే మీరే ఇవ్వవచ్చు, నర్సైనా ఇవ్వవచ్చు, శ్రీసభ చేసేదే చేస్తున్నామన్న ఉద్దేశం ఉండాలి, అంతే. డాక్టరు ఒప్పుకున్న మేరకు తలపై మామూలు నీళ్లు పారేలా పోస్తూ బిడ్డ పేరు పిలిచి, 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అనాలి. 'మేము' అనకూడదు, అలా అంటే చెల్లదని 2020లో వాటికన్ స్పష్టంగా చెప్పింది. బిడ్డ కోలుకున్నాక మళ్లీ నీళ్లు పోయరు, మిగిలిన తంతు మాత్రం గుడిలో పూర్తి చేస్తారు, విచారణలో తప్పకుండా తెలియజేసి రాయించండి.

కానుక ఎంతో ఆఫీసులోనే చెబుతారు. ఇవ్వలేకపోతే ఆ మాట చెప్పేయండి, పేదరికం వల్ల ఎవరికీ జ్ఞానస్నానం లాంటి పవిత్ర సంస్కారం దక్కకుండా పోకూడదని చట్టంలోనే ఉంది.

భోజనాలకు పరుగెత్తే ముందు రిజిస్టర్లో పేర్ల అక్షరాలు, పుట్టిన తేదీ మీ కళ్లతో చూసుకుని సర్టిఫికెట్ తీసుకోండి. మొదటి దివ్యసత్ప్రసాదానికి, భద్రమైన అభ్యంగనానికి, పెళ్లికి అడిగేది ఇదే. సర్టిఫికెట్ పోయినా మళ్లీ తీసుకోవచ్చు, అయితే ఏ ఊరి గుడి, ఏ తేదీ అన్నది తెలిసి ఉండాలి, అది ఇంట్లో ఇద్దరు ముగ్గురి దగ్గర రాసి ఉంచండి.