కారు స్టీరియో కొనే ముందు ఇవి చూసుకోండి

అనంతపురంలో షాపుకు బయల్దేరే ముందే డాష్‌బోర్డులో ఖాళీ కొలవండి. స్టీరియోలు రెండు సైజుల్లో వస్తాయి: చిన్నది సింగిల్ డిన్ అయితే 180 × 50 మిల్లీమీటర్లు, పెద్దది డబుల్ డిన్ అయితే 180 × 100. లోతు కూడా చూడాలి, వెనక వైర్లకు చోటు కావాలి కదా.

బాక్సు మీద "4 × 50 వాట్స్" చూసి మురిసిపోకండి, అది గరిష్ఠం. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్, ఎంతో అడగండి. ఒక్కో ఛానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్ లైనుకు, మామూలుగా 15 నుంచి 22 వాట్స్ దాకా ఉంటుంది.

అసలు జాగ్రత్త వైరింగ్ దగ్గరే. కంపెనీ వైర్లు కత్తిరించనివ్వద్దు, మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లు కత్తిరించకుండా కలిపే ప్లగ్గు) అడగండి. నా పాత కారుకు ఒకాయన వైర్లు మెలేసి టేపు చుట్టి ఇచ్చాడు. ఎండాకాలం వచ్చేసరికి జిగురు కారిపోయి, బండి గుంతలో పడితే చాలు, పాట ఆగిపోయేది. సాధారణంగా పసుపు వైరు నేరుగా బ్యాటరీది, ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. ఎరుపును కూడా బ్యాటరీకే కలిపేస్తే, స్టీరియో ఆపడం మరిచిపోతే రాత్రంతా కరెంటు లాగేస్తుంది, పొద్దున బండి స్టార్ట్ కాకపోవచ్చు.

బడ్జెట్ తక్కువైతే పెద్ద టచ్‌స్క్రీన్ మోజు వదిలేయండి. బ్లూటూత్, యూఎస్‌బీ ఉంటే చాలు. మిగిలిన డబ్బు ముందు డోర్ల స్పీకర్లకు పెట్టండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి.