మాజీ సైనికులు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే: ఊళ్లో ఒక కూడిక ఎలా పెట్టుకోవాలి?

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా ఆ ఊరివాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. అంత పేరు లేకపోయినా కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల, ఒకరో ఇద్దరో పాత మిలిటరీ మనుషులున్న ఊళ్లు చాలానే కనిపిస్తాయి.

పదిహేడేళ్ల సర్వీసు చేసిన జవాను నలభై దాటకుండానే ఇంటికొచ్చేస్తాడు. అప్పటికి పొలం, పెళ్లిళ్లు, తగువులు అన్నీ అతను లేకుండానే నడవడం ఇంట్లోవాళ్లకు అలవాటైపోయి ఉంటుంది. ఊరివాళ్లేమో ‘ఎంతమందిని లేపేశావు?’ అని అడుగుతారు. ఇక అతను నోరు తెరవడు. అదే బస్టాండులో ఇంకో మాజీ సైనికుడు కలిసి ‘మీదే యూనిట్ అండీ?’ అంటే చాలు, రెండు బస్సులు వెళ్లిపోయినా కబుర్లు తెగవు. సర్వీసు నుంచి వచ్చిన కొత్తలో నన్ను నిలబెట్టింది అలాంటి కబుర్లే. వాటి కోసం బస్టాండులో ఎదురుచూడక్కర్లేదు, మనమే కూడిక పెట్టుకోవచ్చు.

మొదట మనుషుల్ని వెతకండి

ఐదారుగురు చాలు. పది దాటితే అది సభ అయిపోతుంది, మైకు కావాలంటారు. ఒక్క ఊళ్లో అంతమంది లేకపోతే కాలవకు అటూ ఇటూ ఉన్న నాలుగు ఊళ్లు కలుపుకోండి. ఫోన్ చేసి ఊరుకోకుండా ఇంటికి వెళ్లి పిలవండి.

పిలవడానికి సంక్రాంతి మంచి అదును. జనవరి 14 మాజీ సైనికుల దినం. 1953లో అదే రోజున మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశారు. మనకది చాలా ఏళ్లు భోగి నాడే వస్తుంది, సర్వీసులో ఉన్న కుర్రాళ్లు కూడా సెలవు మీద ఊళ్లోనే ఉంటారు. అయితే కూడిక మాత్రం ఆ రోజు పెట్టకండి. దండలు, ఉపన్యాసాలు మొదలైతే ఎవరూ అసలు మాట చెప్పరు. పండగ వెళ్లి, దాళ్వా నాట్లు కూడా అయ్యాక కూర్చోండి.

చోటు, వేళ

ఉదయం పది గంటల వేళ మంచిది. సాయంత్రమైతే ఎవరో ఒకరు క్యాంటీన్ సీసా తెస్తారు. మందు లోపలికి వెళ్లాక వచ్చే మాటలు మర్నాడు సిగ్గుగా అనిపిస్తాయి, ఆ మనిషి మళ్లీ రాడు. టీ చాలు.

సొసైటీ గోదాము వరండా, రామాలయం అరుగు, ఎవరింటి పంచ అయినా ఫర్వాలేదు. కొబ్బరి చెట్ల కింద మాత్రం వద్దు. ఎండు మట్ట రేకుల మీద పడితే మిగతావాళ్లకు అది చప్పుడే. గస్తీల్లో, కాల్పుల మధ్య గడిపిన మనిషికి మాత్రం ఒళ్లంతా బిగుసుకుపోతుంది, చెయ్యి తెలియకుండానే నేలకు ఆనుతుంది. ఆ తర్వాత పావుగంట అతను మన మాట వినడు. దీపావళికి, ఊళ్లో తీర్థానికి బాంబులు కాల్చే రోజుల్లో అలాంటివారిని ముందే హెచ్చరించడం, ఆ రాత్రి ఓసారి ఫోన్ చేయడం కూడా కూడిక పనిలో భాగమే.

కుర్చీలైతే అందరికీ కుర్చీలు, చాపైతే అందరికీ చాప. సుబేదార్ గారు కుర్చీలో ఉండి సిపాయిగా చేసిన మనిషి నిలబడి ఉంటే అక్కడ మళ్లీ పరేడ్ గ్రౌండే. ర్యాంకుతో పాటు కులాన్నీ పార్టీనీ కూడా గుమ్మం బయటే వదలాలని మొదటి రోజే గట్టిగా చెప్పండి. మన వైపు ఊళ్లలో ఈ మాట చెప్పకుండా మొదలుపెట్టిన ఏ పనీ నిలవదు.

కాగితాలతో మొదలుపెట్టండి

‘మీ బాధలు చెప్పుకుందాం రండి’ అంటే ఒక్కరూ రారు. ‘స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ పెడదాం, ఈసీహెచ్ఎస్ కార్డు చూద్దాం, డిశ్చార్జ్ బుక్ తెచ్చుకోండి’ అంటే వస్తారు. స్పర్శ్ అంటే మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైట్, ఈసీహెచ్ఎస్ అంటే మాజీ సైనికుల వైద్య పథకం, డిశ్చార్జ్ బుక్ అంటే సర్వీసు ముగిశాక చేతికిచ్చే పుస్తకం. మొదటి అరగంట ఈ పనులకే ఇవ్వండి. వీటి అవసరం కూడా తక్కువేం కాదు. డిశ్చార్జ్ బుక్కులో భార్య పేరు, పుట్టిన తేదీ తప్పు పడి ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆవిడ తిరగలేక తిరగాలి. రికార్డ్స్ ఆఫీసుకు రాసి అవి ఎలా దిద్దించుకోవాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

కథలు ఆ కాగితాల్లోంచే వస్తాయి. అంచులు నలిగిన డిశ్చార్జ్ బుక్కు తిప్పుతూ ఒకాయన సత్యవతి అని ఉండాల్సిన చోట సత్యవాణి అని చూపిస్తారు. ‘ఎవరు రాశారండీ?’ అంటే ట్రైనింగ్ సెంటర్లో గుమాస్తా సంగతి, ఆ చలి సంగతి, పక్క మంచం కుర్రాడి సంగతి వరసగా వస్తాయి. ఆ కుర్రాడు ఏమయ్యాడన్న దగ్గర ఆయన గొంతు ఆగిపోతుంది. అప్పుడు కాగితాలు పక్కన పెట్టండి.

చెప్పేటప్పుడు, వినేటప్పుడు

‘యుద్ధంలో ఏం చూశారు?’ అని అడగొద్దు. మొదటి పోస్టింగ్ ఎక్కడ, లంగరులో, అంటే మిలిటరీ వంటశాలలో, తిండి ఎలా ఉండేది, ఇంటి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది అని అడగండి. ఎంత లోతుకు వెళ్లాలో చెప్పే మనిషే తేల్చుకుంటారు. ఈ రోజు చెప్పాలని లేకపోతే ఊరికే కూర్చున్నా చాలు.

ఒకరు చెబుతుంటే ఇంకొకరు ‘అదేముంది, మా సియాచిన్‌లో అయితే...’ అని అందుకోకూడదు. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది ఇదే. సలహా కూడా అడిగితేనే. ‘సైనికుడివై ఉండి ఏడుస్తావేంటి?’ అన్న మాట నోట రానే కూడదు. కన్నీళ్లొస్తే రానివ్వండి, పక్కనున్నవారు భుజం మీద చెయ్యి వేస్తే చాలు.

డ్రైవర్లు, వంటవాళ్లు, స్టోర్సులో చేసినవాళ్లు ‘నాదేముందండీ, బండి తోలానంతే’ అని వెనక్కి జరుగుతారు. జోజిలా మీదుగా కార్గిల్‌కు సరుకు చేర్చిన బండి అది. వాళ్లను పని కట్టుకుని మాట్లాడించండి. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో శాంతి సేనలో చేసి వచ్చినవాళ్లనూ అంతే. కార్గిల్‌కు ఏటా జూలై 26న దండలు పడతాయి, శ్రీలంక సంగతి ఊళ్లో ఎవరూ అడగరు.

ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. వాట్సాప్‌లో పెట్టడం, చెప్పకుండా రికార్డు చేయడం వద్దు. ఎవరైనా తమ కథను మనవల కోసం రికార్డు చేయించుకుంటామంటే అది వేరే రోజు, వాళ్ల ఇష్టప్రకారం. పోస్టుల వివరాలు, ఆపరేషన్ల లోగుట్టు ఎక్కడా చెప్పకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకూ వర్తిస్తుంది.

కబుర్లతో తీరని సంగతి అయితే

రాత్రిళ్లు నిద్ర లేదు, తాగుడు పెరిగింది, ఉన్నట్టుండి పొలం కాగితాలు కొడుకు చేతిలో పెట్టేశారు, ‘నేను లేకపోయినా...’ అంటున్నారు. ఇలాంటివి కనబడితే పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా బాబాయ్?’ అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామందికి ఎవరో అడిగారన్నదే ఊరట. ఔనంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా, లైసెన్స్ తుపాకీ ఉంటే ఇంట్లోంచి తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ నుంచి మానసిక వైద్యుల దగ్గరికి రాయించుకోవచ్చు. ఆ రోజు తోడుగా ఒకరు వెళ్లండి.

ఆడవాళ్ల కూడిక

అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచే మనిషి పక్కన ఇన్నేళ్లూ మేలుకున్నది భార్యే. భర్తను పోగొట్టుకున్న వీరనారులూ ఉన్నారు. వీళ్లు మగవాళ్ల ముందు మాట్లాడరు, కాబట్టి వేరే కూడిక కావాలి. వేళ, చోటు వాళ్లనే పెట్టుకోనివ్వండి. ఆ పూట ఇంట్లో వంట, పిల్లల సంగతి మనం చూసుకోవాలి.